వైద్యుని యలసట

ఆశ్వయుజము గడచి కార్తికమాసము ప్రవేశించెను. వర్షర్తువునందు కలుషజలములతో నొడ్డు లొరసికొని పాఱిన కాలువలు తేటదేఱి నిర్మలాకాశమును తమలో ప్రతిఫలింపజేయుచుండెను. వెన్నువిడిచిన వరిచేలు ఫలభారావనతములై మందమారుతస్పర్శమాత్రముననే యొక దిక్కునుండి మఱియొక దిక్కునకు తరంగములవలె కదలుచుండ కొంగలు ప్రాతఃకాలహిమబిందువులను రెక్కలనుండి విదిలించుకొనుచు గట్లవెంట బారులుదీరి నిలిచియుండెను. కృష్ణానది సముద్రుని జేరుటకు ముందు రెండుపాయలుగా చీలి తన కౌగిట నిముడ్చుకొనిన దివిసీమలో వేములపా డను గ్రామమున నట్టి రమణీయప్రభాతసమయమున నీలగ్రీవశాస్త్రి యను వైద్యుడు సూర్యుడు బారెడెత్తు లేచినను తాను లేవజాలక యింటి యరుగుపై గోడకు చేరగిలబడి కన్నులు మూసికొని యుండెను.

ఈ నీలగ్రీవశాస్త్రి మూడుతరములనుండి వైద్యమే వృత్తిగా గల వంశమున జనించినవాడు. ఏబదియేండ్లు పైబడినను బండి యెక్కుట నామోషీగా దలచి మందులపెట్టెను తానే చంకబెట్టుకొని తెల్లవాఱుటకు ముందే బయలుదేఱి గట్లవెంబడి నాలుగైదు పల్లెలు నడచి రోగులను చూచి మధ్యాహ్నమునకు మరలివచ్చి మరల సాయంకాలమువఱకు కల్వములో భస్మములు నూఱుచు కూర్చుండెడివాడు. అలసట యనుమాట యాయన నోట వినినవారు లేరు. అలసితి మని తన్ను జేరవచ్చినవారియెడ నాయనకు గౌరవమును లేదు. జ్వరమునకు మందు గలదు గాని సోమరితనమునకు లేదని యాయన పలుమాఱు నవ్వుచు చెప్పుచుండెను.

గడచిన సంవత్సరము శ్రావణమాసమున నాయనకు విషజ్వరము వచ్చెను. పదునాఱు దినములకు జ్వరము విడిచినది గాని జ్వరముతో బోయిన బలము తిరిగి రాలేదు. నిద్రించి లేచిన వేళ రాత్రియంతయు బరువులు మోసినవానివలె నొడలెల్ల కూలబడుచుండెను. స్నానము చేసివచ్చినంతనే చేతులు వణకుచుండెను. నలుగురు కూడి మాటలాడినచో నా మాటలు శిరమున సమ్మెటలవలె తగులుచుండెను. వెలుగు కన్నులను పొడుచుచుండెను. నెలకు రెండుమూడు దినములు మాత్రము పూర్వబలము వచ్చినట్లే తోచుచుండెను. ఆ దినములయందు శాస్త్రి పోయిన కాలమునెల్ల తిరిగి గడింపదలచినవానివలె పది దినముల పని యొక్కనాడే చేసి మఱునాటినుండి పక్షముదినములు మంచము బట్టుచుండెను. అశ్వగంధాదులు సేవించెను. రసాయనములు సేవించెను. తాను నూఱుగురకు గుణమిచ్చెనని చెప్పుకొనిన లేహ్యమును తానే తినిచూచెను. ఏదియు పనిచేయలేదు.

తుదకు బందరునుండి తన సహాధ్యాయి సాంబావధానిని పిలిపించెను. ఆ వైద్యుడు చాలసేపు చేయిపట్టి చూచి నాలుక చూచి కన్నులు చూచి విడిచి యిట్లనెను.

"నాడి శుద్ధంగా ఉంది శాస్త్రీ. నీకు రోగమన్నది లేదు. కూర్చున్నకొద్దీ కూర్చోబుద్ధేస్తుంది మనిషికి. లేచి తిరుగు. అదే పోతుంది."

తాను ముప్పదియేండ్లుగా నితరులకు జెప్పుచువచ్చిన మాటలే యవి. తనకు జెప్పబడినప్పుడు మాత్ర మవి చెంపదెబ్బవలె తగిలెను. అయినను శాస్త్రి వానిని నమ్మెను. నమ్మక తప్పదు. అవి యసత్యములైనచో తా నెందఱకో యసత్యము చెప్పినవా డగును.

కార్తికమాసపు టా యుదయమున నాయన యట్లు కన్నులు మూసికొని యుండగా లంకపల్లెనుండి యొక జాలరి పరుగున వచ్చెను. తన యప్పకు వేకువనుండి వాంతులును విరేచనములును గట్టకున్నవని కాళ్లు చల్లబడుచున్నవని యెగరోజుచు చెప్పెను. లంకపల్లె రెండు కోసుల దూరము. వానలకు గట్టు తెగుటచేత నా దారిని బండి పోదు. శాస్త్రి మందులపెట్టె తెమ్మని లేచెను. ఆయన భార్య భ్రమరాంబ పెట్టె తెచ్చెను గాని చేతికీయలేదు.

"మొన్న స్నానం చేసి వచ్చి రెండ్రోజులు లేవలేదు మీరు. ఏ మందు వెయ్యాలో చెప్పి ఇతనితో పంపండి" అని యామె మెల్లగా ననెను.

"నాడి చూడకుండా మందు పంపడం మా వంశంలో లేదు" అని శాస్త్రి పెట్టెను తీసికొని జాలరితో "నువ్వు పరుగెత్తి పోయి నీళ్లు కాచి ఉంచు. నేను వెనకే వస్తాను" అనెను. వాడు పెట్టెను తా మోయుదునని చేయిచాచినను నాయన యీయలేదు.

మొదటి కోసు నడచెను. తాను నడువగలుగుచున్నందుకు గర్వించెను. రెండవ కోసు సగము గడచునప్పటికి తొడలయందలి సత్తువ నీరువలె జాఱిపోయెను. చేలపచ్చదనము కన్నులయెదుట తెల్లబడెను. మునగలపాలె మను చిన్నపల్లె చెంత గట్టుమీదనే నీలగ్రీవశాస్త్రి మందులపెట్టెతోగూడ నేలకొఱగెను.

దాపుననే చేనికి నీరుపెట్టుచున్న బాపయ్య యను కాపు పరుగున వచ్చి మఱియొకని సాయమున నాయన నెత్తి తన యింటి వసారాలో పరుండబెట్టెను. అచట ముప్పదియేండ్ల లోపు వయస్సుగల యువతి యొకతె మోదుగాకులతో విస్తళ్లు కుట్టుచుండెను. ఆమె బాపయ్య భార్య. పేరు పేరంటాలు. వచ్చినవానిని చూచి యామె యొక్కక్షణము నిశ్చేష్టయై యుండి వెంటనే చేతిలోని యాకును క్రింద బెట్టెను.

"ఆయన్ని మాట్లాడించకండి. చుట్టూ మూగకండి. కళ్లకి ఎండ తగలకుండా ఆ చాప అడ్డం కట్టండి" అని నెమ్మదిగా ననెను.

తా నెవ్వరికిని జెప్పికొనని బాధల నీ పల్లెటూరి పడుచు చెప్పకయే యెట్లెఱిగెనో శాస్త్రికి దెలియలేదు. గడియసేపటికి మాట వచ్చినతోడనే లంకపల్లెలో జాలరి యప్ప ప్రాణము తనకొఱకు కాచుకొనియున్నదని చెప్పి చేతులూని లేవబోయెను. పేరంటా లాయనను వారించెను.

"మీరు లేస్తే ఇంకో పది బారలు పోతారు శాస్తుర్లుగారూ. ఆ పైన మిమ్మల్ని మొయ్యడానికి మనుషులు కావాలి. ఆవిడకి మందూ అందదు. మా ఆయన తీసుకెళ్తాడు. ఏది ఎలా వెయ్యాలో చెప్పండి."

శాస్త్రి యామె ముఖమును చూచెను. పెట్టెను చూచెను. ఎదుట నిలిచియున్న బాపయ్య కాళ్లను చూచెను. అవి బలమైన కాళ్లు. మూడుతరముల నియమమును విడిచి యాయన హీనస్వరముతో మాత్రల రంగు చెప్పి యనుపానము చెప్పి కాచిన నీటిలో నుప్పును బెల్లమును కలిపి గుటకగుటకగా త్రాగించుచుండవలెనని చెప్పెను. బాపయ్య దానిని రెండుమాఱులు తిరిగి యప్పగించి పెట్టె తీసికొని పోయెను.

మధ్యాహ్నమున నతడు తిరిగివచ్చి వాంతులు గట్టినవని కాళ్లకు వేడి వచ్చినదని చెప్పెను. ఆ వార్త విని శాస్త్రి చేతులు జోడించెను గాని యాయన కన్నులనుండి జాఱిన జలము సంతోషము వలననే పుట్టినది గాదు. తాను నడువకయే యా ప్రాణము నిలిచెను. ఆ తలపు మేలును కలిగించెను గాయమును చేసెను.

బాపయ్య చేనికి బోయిన పిమ్మట శాస్త్రి యిట్లడిగెను. "నా వొంటి సంగతి నీకెలా తెలిసింది తల్లీ?"

"నాదీ అదే కనక" అని పేరంటాలు మరల నాకులను చేతికి దీసికొనెను. "నాకూ జ్వరంతోనే మొదలైంది. మూడేళ్లయింది. మా అత్త మీ దగ్గరికే తీసుకొచ్చింది. మీరు చెయ్యి చూసి, దీనికి రోగమేమీ లేదు, పని చేయించండి, అదే పోతుంది అన్నారు."

శాస్త్రి జ్ఞాపకమును వెదకికొనెను. ఆమె ముఖము దానిలో లేదు. అట్టివా రెందఱో వచ్చిరి. ఎందఱనో పంపివైచెను.

ఆమె తల యెత్తక చెప్పుచుండెను. "మా అత్త చెడ్డది కాదు. వైద్యుడి మాట నమ్మింది. ఆ యేడు నన్ను నాట్లలోకి దింపింది. మూడో రోజు చేలోనే పడిపోయాను. ఆర్నెల్లు మంచం దిగలేదు. అప్పటికి నా పిల్లకి మాటలొస్తున్నాయి. అమ్మా అని మా అత్తని పిలవడం నేర్చుకుంది."

శాస్త్రి తనకొఱకు అడ్డముగా కట్టిన చాపను చూచెను.

"నన్ను నీ ఇంట్లోకి ఎందుకు రానిచ్చావు?" అని యడిగెను.

"పడిపోయినవాళ్లని ఎండలో ఎలా వదిలేస్తాం? కోపం లేదని అనను శాస్తుర్లుగారూ. కాని కోపపడితే ఆ పూట అన్నం వండలేను. అందుకని మానేశాను."

అంతలో నామె యొక విస్తరి ముగించి ప్రక్కనబెట్టి సూదిపుల్లలను మూటగట్టి గోడకు వీపాన్చి కూర్చుండెను. ఇంకను నాకులు మిగిలియుండుట చూచి శాస్త్రి యలసితివా యని యడిగెను.

"లేదు. ఇంకో నాలుగు కుట్టగలను. అందుకే ఆపాను. అలిసిపోయాక ఆగితే అది ఆగడం కాదు, పడడం. బాగున్న రోజునే భయపడాలి మనం. ఆ రోజు ఒళ్లు మనకి అబద్ధం చెబుతుంది."

వేలకొలది రోగులు తన్నడిగిన ప్రశ్నను నీలగ్రీవశాస్త్రి యప్పు డామె నడిగెను. "ఇది నయమవుతుందా?"

"నాకు కాలేదు. కొంచెం తెరిపినిచ్చింది. ఎప్పుడు నయమవుతుందా అని ఎదురు చూసినన్నాళ్లూ ఆ తెరిపి కూడా లేదు."

సాయంకాలమున పేరంటాలి యత్త రత్తమ్మ మనుమరాలిని చంకబెట్టుకొని వచ్చెను. శాస్త్రి పడుకొన్నచోటనే మోచేతిపై లేచి యామెను పిలిచి తడబడక చెప్పెను.

"రత్తమ్మా, మూడేళ్ల కిందట నేను చెప్పింది తప్పు. నీ కోడలికి రోగముంది. నాకు తెలియక, లేదన్నాను."

రత్తమ్మ పిల్లను దించి నిలువుగానే యుండెను. "అయితే ఆ యేడు నేను చేసింది..." అని మొదలిడి ముగింపజాలకపోయెను. పేరంటాలు లోపలినుండి "కాళ్లు కడుక్కో అత్తా. అన్నం చల్లారిపోతుంది" అనెను.

నాలుగవదినమున పడవపై నింటికి జేరిన శాస్త్రి తన జీవితమునకు క్రొత్త కట్టడి నేర్పఱచుకొనెను. దినమునకు పదుగురు రోగులు. అంతట తలుపు మూయవలెను. కల్వమును భ్రమరాంబ పుచ్చుకొనెను. పల్లెలకు మందులు మనుష్యులవెంట పోవుచుండెను. వ్రాయుట కీ కట్టడి సులభము. ఆచరించుట యట్లు గాదు. ఆ సంక్రాంతి తఱి నొంట బలము తోచిన యొకనాడు ముప్పదిమందిని చూచి మాఘమాసమంతయు చీకటిగదిలో పరుండెను. వేసవిలో మరల నట్లే చేసెను. పదునొకండవవానిగా వచ్చి తిరిగిపోవుచున్న యొక రైతు "పెద్ద వైద్యుడట, పీట మీంచి లేవడట" అని వీధిలో పలుకగా మూసిన తలుపు వెనుకనుండి విని గడియపై చేయివేసెను. ఆ చేయి చాలసేపు గడియమీదనే యుండెను. పిదప దిగెను. ఇట్టి దినములు పెక్కులు గడచిన తరువాతనే యాయన శిష్యులకు బోధించు పుస్తకపు టంచున నొక వాక్యమును వ్రాసికొనెను. "నాడి యందు గనబడనిది రోగి యందు లేదని చెప్పరాదు."

మూడేండ్లు గడచెను. రోగము పోలేదు. నెలకు పది పదునైదడుగుల చొప్పున నడక పెరిగెను. ఫాల్గుణమాసమున నొక సాయంసమయమున నాయన భార్యతోగూడ కాలువలాకు వంతెనవఱకు పోయెను. అచటినుండి కృష్ణ కనబడుచుండెను. అస్తమయారుణకిరణములు సోకి జలమెల్ల కరగిన రాగివలె ప్రకాశించుచుండ నొడ్డున జనులు సంధ్య వార్చుచుండిరి. ముప్పదియేండ్లు తానును నిత్యము మునిగిన రేవది. జ్వరము వచ్చిన నాటినుండి యాయన దానిని చూచియుండలేదు. కాళ్లయందు బలముండెను. గాలి చల్లగానుండెను.

"ఎంత, ఇంకో రెండు వందల అడుగులు" అని భ్రమరాంబ యనెను.

"ఔను. వెళ్లగలను" అని శాస్త్రి యనెను. "ఆ రెండు వందలూ ఇంటికి కావాలి."

వంతెన పిట్టగోడపై చేయి యుంచి యా వెలుగు నీటిపై నల్లబడువఱకు నాయన చూచుచు నిలిచెను. పిదప నింకను నడువగల సత్తువ యుండగనే నదికి వీపుచేసి మెల్లమెల్లగా నింటివైపు మరలెను.