మా నాన్న చూసిన నెలవంకలు

మా నాన్న ఫుతూహ్ కళ్ళంటే ఫుస్తాత్ ఊళ్ళో ఉన్న కరాయీ యూదులందరికీ గురి. నెల మారే సాయంత్రం ఆయన ప్రార్థనాలయం మిద్దె ఎక్కి, నైలు అవతలి గట్టు మీద నెలవంక కనబడిందంటే కొత్త నెల మొదలైనట్టే. కనబడలేదంటే ఇంకో రోజు ఆగాల్సిందే. మా పండుగలు, ఉపవాసాలు అన్నీ ఆయన నోటి మాట మీద నడిచేవి. ఇరవై ఏళ్ళు అలాగే నడిచాయి.

మేమూ యూదులమే, రబ్బానీలూ యూదులే. ఒకే సందులో ఉంటాం, ఒకే బట్టీకి రొట్టెలు కాల్చడానికి పంపుతాం. కాకపోతే వాళ్ళు నెలల్ని ముందే లెక్కగట్టి పెట్టుకుంటారు. మేం కంటితో చూస్తే తప్ప ఒప్పుకోం. లెక్క గట్టమని గ్రంథంలో ఎక్కడ రాసుందో చూపించమంటాం. మా సందు చివర ఉన్న క్రైస్తవుల నెలలు మళ్ళీ వేరు. ఖలీఫా కోటవాళ్ళు రంజాన్ ఎప్పుడో లెక్కగట్టి చాటింపు వేయిస్తే, మా పక్కింటి ముస్లిం పెద్దాయన అది నమ్మక, వీధి తలుపు గడియపెట్టి మరీ మిద్దె మీద చంద్రుణ్ణి వెతుక్కునేవాడు. "నువ్వూ నేనూ ఒకటే ఫుతూహ్, ఎవడో చెప్పింది నమ్మం" అని మా నాన్నతో గుసగుసగా అనేవాడు.

అంతటి నాన్న నన్ను రబ్బానీల కుర్రాడు ఖలఫ్‌కి ఇస్తాననేసరికి మావాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. అలాంటి పెళ్ళిళ్ళు లేకపోలేదు. కానీ నెలవంక సాక్షి కూతురు లెక్కలవాళ్ళ ఇంటికి పోవడమేమిటని అందరి బాధ. పెళ్ళి పత్రంలో అన్నీ రాసుకున్నాం. నా పండుగలు నావి, అతనివి అతనివి. ఒకరినొకరు బలవంతపెట్టకూడదు. అతని పండుగ నాడు నేను పొయ్యి వెలిగించకూడదు, నా పండుగ నాడు అతను నా చేత పని చేయించకూడదు. మా అత్త మైమూనాకి చదువు రాదు గాని ఆ పత్రం మాత్రం కంఠతా వచ్చు. నేను గట్టిగా తుమ్మినా "పత్రంలో లేదు" అనేది.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏదైనా ఎందుకు జరిగిందో తెలియకపోతే కడుపు ఉబ్బినట్టుంటుంది. నాన్న ఈ సంబంధానికి ఎందుకు ఒప్పుకున్నాడో నాకు అంతుపట్టలేదు. రెండుసార్లు అడిగాను. "కుర్రాడు మంచివాడే తుర్ఫా" అని రెండుసార్లూ మాట దాటేశాడు. ఖలఫ్ మంచివాడే. పూటకి నాలుగు రొట్టెలు తింటాడు, కోపం రాదు, ఎప్పుడు చూసినా ఏదో ఒకటి లెక్కేస్తూ ఉంటాడు. కానీ మంచివాళ్ళు మాలోనూ ఉన్నారుగా!

పెళ్ళయిన రెండేళ్ళకి, శరత్కాలంలో వచ్చే మహా ఉపవాసం ముందు మాట ఇది. ఖలఫ్ నార మూటలు తీసుకుని పడమటి రేవు మహదియ్యాకి వెళ్ళాలి. ఆ ఏటికి అదే ఆఖరి పడవ. తర్వాత చలికాలం తుఫాన్లకి సముద్రం మూతపడుతుంది. పడవ బయల్దేరేది రబ్బానీల ఉపవాసం మర్నాడు. ఉపవాసం కొత్త నెల పదో రోజున వస్తుంది. నెల మారే సాయంత్రం మాకూ నెలవంక కనబడితే ఇద్దరి ఉపవాసం ఒకే రోజు పడుతుంది. మర్నాడు నా చేత్తో వండిపెట్టి, మూట కట్టి సాగనంపొచ్చు. కనబడకపోతే అతను వెళ్ళే రోజే నాకు ఉపవాసం. వండకూడదు, మూట ముడి కూడా వెయ్యకూడదు. మళ్ళీ వచ్చేది ఏడాదికి, అదీ సముద్రం దయతలిస్తే. అందుకని నెల మారే ఆ రోజు నెలవంక కోసం నేను పడ్డ ఆరాటం అంతా ఇంతా కాదు.

మధ్యాహ్నం నాన్న మా ఇంటికి భోజనానికి వచ్చాడు. తింటూ తింటూ మెల్లగా మొదలుపెట్టాడు.

"అల్లుడూ, ఊరికే అడుగుతున్నాలే. మీ లెక్క ప్రకారం ఇవాళ ఎక్కడుంటుందంటావు?"

ఖలఫ్‌కి ఎవరైనా లెక్క అడిగితే చాలు, నోట్లో ముద్ద కూడా మర్చిపోతాడు. ఈ విద్య అతనికి మేనమామ నేర్పాడు. ఆయన కోటలో నక్షత్రాలు చూసేవాళ్ళ దగ్గర పనిచేశాడట.

"సూర్యుడు దిగిన చోటికి ఎడమ పక్క మామయ్యా, బాగా కింద. కొమ్ములు ఎడమకి ఉంటాయి. పొద్దున్నే పుట్టింది, ఇంకా పసిది. కనబడొచ్చు, కనబడకపోవచ్చు."

"ఆఁ, మీ లెక్కలూ మీరూ!" అని నాన్న నవ్వాడు. ఆ తర్వాత పెదాలు మాత్రం కదిలాయి. ఎడమ పక్క, కింద, కొమ్ములు ఎడమకి. రొట్టె కోసం చాచిన చెయ్యి చిక్కుళ్ళ గిన్నెలో పడింది. నేను చూశాను. చూసి ఊరుకుంటే నేను తుర్ఫాని ఎందుకవుతాను?

పొద్దు వాలుతుండగా నాన్నని ప్రార్థనాలయం మిద్దె మీదికి నేనే తీసుకెళ్ళాను. ఇంకా ఎవరూ రాలేదు. వరదతో నది నిండుగా ఉంది. ఆకాశం ఖాళీగా ఉంది, ఒక్క పిట్ట లేదు.

"నాన్నా, ఆ రెండు గద్దలు చూడు, ఎంత కిందకొచ్చాయో."

"అవునే, జతగా తిరుగుతున్నాయి పాపం."

నేను మరోసారి ఆకాశం వంక చూశాను.

"అక్కడ గద్దల్లేవు నాన్నా."

ఆయన పిట్టగోడ పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"మసక మొదలై మూడేళ్ళు. నెలవంక బొత్తిగా కనబడక రెండేళ్ళ పైన."

రెండేళ్ళ పైన! నా పెళ్ళయి రెండేళ్ళు. మొత్తం ఒక్కసారిగా అర్థమైంది.

"అందుకా నన్ను ఖలఫ్‌కిచ్చావు?"

"ఛ ఛ, అదేం మాటే! కుర్రాడు మంచివాడు."

"నాన్నా!"

"మంచివాడే. లెక్కలు కూడా వచ్చు."

కోపంతో నా చెవులు వేడెక్కాయి. ఎదురుకట్నం పుచ్చుకున్నట్టు నెలవంక పుచ్చుకుని నన్నిచ్చాడన్నమాట! తిడదామని నోరు తెరిచాను. ఆయన నా వైపు చూస్తున్నాననుకుని నా భుజం పక్కన ఉన్న గోడని చూస్తున్నాడు. భుజాలు పట్టుకుని ఆయన్ని నా వైపు తిప్పుకున్నాను.

"ఇరవై ఏళ్ళు నా మాటకి నిలబడ్డారే వీళ్ళు" అన్నాడు. "కళ్ళు పోయాయంటే మర్నాటికి ఫుతూహ్ ఎవడంటారు. అయినా అల్లుడి లెక్క ఎప్పుడు తప్పింది చెప్పు? ఇవాళ ఇంకేం ఆలోచించకు. వాణ్ణి నీ చేత్తో సాగనంపుదువుగాని."

అంతలో మెట్ల మీద ఆయాసపడుతూ సహ్లాన్ బాబాయి వచ్చాడు. ఆయన రెండో సాక్షి, నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. కింద వాకిట్లో మా వాళ్ళు గుమిగూడారు. సూర్యుడు ఖర్జూర తోపుల వెనక్కి దిగాడు.

నేను చూశాను. రెప్ప వెయ్యకుండా చూశాను. ఎడమ పక్క, బాగా కింద. కనబడు, కనబడవే అని లోపల బతిమాలుకున్నాను. ఆశ ఎంత పాడుదో! ఎర్రటి ధూళిలో రెండుసార్లు సన్నటి గీత ఉన్నట్టే అనిపించింది. కళ్ళు తుడుచుకుని చూస్తే ఏమీ లేదు. ఎరుపు కూడా పోయి మొదటి చుక్క పొడిచింది. నెలవంక లేదు.

"అదిగో!" అని నాన్న చెయ్యెత్తాడు.

"ఆఁ, అదిగో!" అన్నాడు సహ్లాన్ బాబాయి.

సాక్షుల్ని విడివిడిగా అడగడం మా పద్ధతి. మా పెద్ద నహూమ్ కింద చిన్న గదిలో కూర్చుని ముందు నాన్నని పిలిచాడు. ఎంత ఎత్తులో ఉంది, ఏ పక్కకి ఉంది, కొమ్ములు ఎటున్నాయి. నాన్న దగ్గర అన్నిటికీ జవాబుంది, మధ్యాహ్నం భోజనంలో వడ్డించిందే.

నేను నోరు మూసుకుంటే చాలు. నాన్న పరువు దక్కుతుంది, నా మొగుణ్ణి కడుపునిండా తినిపించి పంపుకుంటాను. కానీ వాకిట్లో నా చుట్టూ నిలబడ్డ వాళ్ళని చూశాను. కడుపుతో ఉన్నవాళ్ళున్నారు, మంచం మీంచి లేచొచ్చిన ముసలివాళ్ళున్నారు. ఉపవాసం ఉండే ఆ ఒక్క రోజు కోసం వీళ్ళు ఏడాదంతా కాచుకుంటారు. వీళ్ళంతా తప్పు రోజున మాడి, అసలు రోజున తిని కూర్చుంటారు. నా కాళ్ళు వాటంతటవే గది వైపు నడిచాయి. అప్పటికి నాన్న సాక్ష్యం ముగించి బయటికొస్తున్నాడు.

"నీకేం పనమ్మా ఇక్కడ?" అన్నాడు నహూమ్.

"సాక్ష్యం చెప్పడానికొచ్చాను పెదనాన్నా."

"ఆడపిల్లని ఎప్పుడైనా అడిగామా?"

"అడక్కూడదని గ్రంథంలో ఎక్కడుందో చూపించండి."

వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నహూమ్ గడ్డం నిమురుకున్నాడు. మేం రోజూ రబ్బానీల మీద వేసే ప్రశ్న అది.

"సరే చెప్పు. కొమ్ములు ఎటున్నాయి?"

"కొమ్ముల్లేవు. నెలవంకే లేదు. పక్కనే నిలబడి చుక్క పొడిచేదాకా చూశాను."

అందరూ నాన్న వైపు తిరిగారు. పిల్ల పొరబడింది అని ఆయన ఒక్క ముక్క అంటే చాలు, ఆయన మాటే నెగ్గేది. అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన తలపాగా సర్దుకున్నాడు.

"అది లేదందంటే లేనట్టే" అన్నాడు. "నేను చూసి రెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ చెప్పింది అల్లుడి లెక్క."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం వాకిలి దద్దరిల్లింది. "రెండేళ్ళు రబ్బానీల లెక్క మీద ఉపవాసాలున్నామా!" అని ఒకడు నెత్తి బాదుకున్నాడు. "సిగ్గులేదా ముసలాడా!" అని ఇంకొకడు. సహ్లాన్ బాబాయి మెట్టు మీద కూలబడ్డాడు. "నువ్వు చెయ్యెత్తితే నాకు కనబడేదిరా ఫుతూహ్. ఒట్టు, నిజంగానే కనబడేది" అన్నాడు. ఆయన్ని చాలామంది తిట్టారు. నేను మాత్రం నమ్మాను. నాకూ కాస్తలో కనబడబోయింది కదా!

మా నెల ఒక రోజు ఆలస్యంగా మొదలైంది. నాన్నని ఇక మిద్దె ఎక్కొద్దన్నారు. ఆయన చెయ్యి పట్టుకుని ఇల్లు చేర్చాను.

ఖలఫ్‌కి అంతా చెప్పాను. "ఎంతసేపు చూశావు? ధూళి ఎంత ఎత్తుంది?" అని మొదలుపెట్టాడు మహానుభావుడు. ఆ తర్వాత గాని తన ప్రయాణం గుర్తురాలేదు. గుర్తొచ్చాక మొహం చిన్నబోయింది.

"నోరు మూసుకుని ఉండాల్సింది కదూ?" అన్నాను.

"నువ్వా? నీ వల్ల అవుతుందా?" అన్నాడు. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

పదో రోజున వాళ్ళ ఉపవాసం గడిచింది. పొద్దు గుంకింది. వాళ్ళది ముగిసిన ఆ గడియకే నాది మొదలైంది. మా అత్త పప్పుచారు గిన్నె తెచ్చి కొడుకు ముందు పెట్టింది. ఖలఫ్ గిన్నెని పక్కకి జరిపాడు.

"రేపు పొద్దుగుంకాక తింటానమ్మా."

"ఏమిట్రా! నిన్నటి నుంచీ పచ్చి మంచినీళ్ళు లేవు. పొద్దున్నే పడవెక్కాలి. ఆవిడ ఉపవాసం నువ్వుండాలని పత్రంలో ఎక్కడుంది?"

"ఉండకూడదని ఎక్కడుందో చూపించు."

"అయిపోయింది. వీణ్ణి కరాయీని చేసేసింది" అని మా అత్త నేల మీద చతికిలబడింది. నేను వద్దన్నాను, బతిమాలాను, పత్రం మాట నేనే ఎత్తాను. "నువ్వు నన్ను బలవంతపెట్టకూడదు" అన్నాడు. పూట తప్పితే లోకం తలకిందులయ్యే మనిషి అతను.

మర్నాడు ప్రార్థన మధ్యలో లేచి రేవుకి నడిచాను, నాన్న నా భుజం పట్టుకుని వచ్చాడు. ఖలఫ్ పెదాలు ఎండిపోయి తెల్లబడ్డాయి. నడక కాస్త తూలుతోంది. నా చేతుల్లో ఏమీ లేదు, ఇవ్వడానికి లేదు. రొట్టెలూ ఉప్పుచేపా ఉన్న మూట మా అత్త మోసుకొచ్చింది. దారి పొడుగునా నన్నూ, మా నాన్ననీ, చంద్రుణ్ణీ కలిపి తిడుతూనే వచ్చింది.

ఖలఫ్ ఎక్కాడు. పడవ కదలబోతుండగా మా అత్త మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, ఆ మూట కొడుక్కి ఇవ్వకుండా సరంగు చేతికి ఇచ్చింది.

"ఇది నీ దగ్గరే ఉంచు నాయనా. పొద్దు గుంకేదాకా వాడు ఎంత అడిగినా పెట్టకు" అంది.

అప్పటిదాకా బిగబట్టుకున్న దాన్ని, అప్పుడు ఏడ్చాను.