స్క్రూ గుంతలో గాలి

ఆ తేదీ ఒనొదెరాకు బాగా గుర్తు. నవంబరు పదకొండు, బుధవారం. మధ్యాహ్నం తిన్నది సోయా సాసు రాసిన రెండు మోచి బిళ్లలు. కకుదా ఊళ్లో అప్పటికే చలి మొదలైంది. తను పనిచేసే విమాన పరిశోధనశాల వెనకగదిలో పొయ్యి మీద ఇనప వల పెట్టి, బియ్యప్పిండి బిళ్లలను తనే కాల్చాడు. భార్య ఫుమియే పోయిన ఈ నాలుగేళ్లలో ఆయనకు సరిగ్గా కుదిరిన వంట అదొక్కటే.

ఎదురుగా హాంగై మిత్సుకి ముద్ద ముట్టకుండా కూర్చుంది. ధ్వనికి పదిరెట్ల వేగంతో పోయే విమానానికి ఆమె గీసిన ఆకారం, మూరెడు ఉక్కు నమూనాగా నిన్న గాలి సొరంగంలోకి వెళ్లింది. గాలి తగిలింది సెకనులో ఐదువందలవ వంతు. అంతలోనే నమూనా ముక్కు వెనక వేడి అనుకున్నదానికి మూడింతలు చూపింది. శుక్రవారం సమావేశంలో ఆ ఆకారాన్ని పక్కన పెట్టేస్తారు.

"తినమ్మా. ఖాళీ కడుపుతో ఎంత చూసినా ఆ వేడి గీత దిగదు."

"మూడేళ్ల పనండీ, ఒనొదెరా సాన్. మా అమ్మయితే అదేం విమానమే, బాతులా ఉంది అంటుంది."

"బాతు మాత్రం ఎగరదా ఏంటి?"

ఆమె నవ్వలేదు. వల మీద ఇంకో మోచి బుడగలా ఉబ్బింది. ఫుమియే చేసినట్టే ఆయన పుల్లతో పొడిచాడు. తుస్సుమని గాలి పోయి బిళ్ల చదునైంది. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

నమూనా ముక్కు దగ్గర స్క్రూ బిగించాక మిగిలే గుంతను పుట్టీతో నున్నగా పూడ్చేది ఆయనే. ఒక రాత్రంతా ఆరాలి. సొరంగంలో ఆమె వంతు తప్పిపోకూడదని నిన్న పొద్దున పూడ్చి మధ్యాహ్నానికే ఇచ్చేశాడు. పరీక్షకు ముందు సొరంగంలో గాలినంతా పంపుతో లాగేస్తారు. అప్పుడు గుంతలో చిక్కిన బుడగ, ఆరని పుట్టీని పైకి తోసి ఉంటుంది. ఆ బొడిపెకు గాలి చెదిరి వేడి పెరిగింది. సొరంగం తలుపు తెరిచేసరికి బయటి గాలి నొక్కి మళ్లీ చదును. ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

"అమ్మాయ్, నీ బాతుకేం జబ్బు లేదు. తప్పు నాది."

రేపటి వంతు వేరే జట్టుది. ఆయన పై అధికారి షోజి ముందు నడుం వంచి అంతా చెప్పాడు.

"ముప్పైరెండేళ్లలో మీ తప్పు ఇదే మొదటిది. క్యాలెండర్లో రాసుకుంటా," అన్నాడు షోజి. "రేపు మీరే కానివ్వండి. వాళ్లకు నేను చెప్తాలెండి. మీరు కాల్చే ఆ మోచి ఓ నాలుగు ఇటివ్వండి, ఉత్త చేతులతో వెళ్తే వినరు."

సాయంత్రం పుట్టీ తవ్వి, అడుగు నుంచి పొర మీద పొరగా సూదితో నింపి, రాత్రంతా ఆరనిచ్చాడు. గురువారం మధ్యాహ్నం ఆయనా మిత్సుకీ, చేసిన పనిని వేలు చూపి సరిచూసుకునే అక్కడి అలవాటు ప్రకారం గుంతకేసి వేలు చూపి, "చదును, సరే," అని పైకి చెప్పారు. సొరంగంలో గాలి వదలగానే పిడుగు పడ్డట్టు చప్పుడైంది. తెర మీద వేడి గీత, ఆమె ముందే గీసుకున్న గీత మీదే పడుకుంది.

మిత్సుకి కాసేపు ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని నిలబడింది.

"రేపు సమావేశంలో మీ పేరు చెప్తాను."

"తప్పు చేసినవాడిననా?"

"మోచి కాల్చినవారని."

ఆరింటికి ఆయన నమూనాను తుడిచి, ఫుమియే పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. దీపం ఆర్పాడు. తలుపు చప్పుడు కాకుండా మూసి, దానికేసి వేలు చూపి, "మూశాను, సరే," అన్నాడు మెల్లగా.