మార్త సూది

పాలలో నానబెట్టిన రొట్టె కుక్క భూరీ ముందు పెట్టి, అంద్రెయ దాని మెడ వెనక తడిమాడు. చర్మంలోంచి పైకి వచ్చిన తీగ కొస పదిలంగానే ఉంది. లోపలి సంగతి దేవుడికెరుక.

ఢిల్లీలోని ఆ పరిశోధనశాలలో అతను ముప్ఫయ్యేళ్లుగా అటెండరు. ఇవాళ్టితో రిటైరు. ఫినాయిలుకు పగిలిన వేళ్లు, వంగిన నడుము. గుండె లయ చూడడానికి తీగలు కుట్టిన రెండు కుక్కలకు వారం తిరక్కుండా తీగ లోపలే తెగింది. తెగితే కుక్క పనికిరాదు, సూదిమందుతో నిద్రపుచ్చేస్తారు. రెండింటినీ మోసుకెళ్లింది అంద్రెయే. భూరీకి ఆ గతి పట్టనివ్వకూడదని పంతం పట్టాడు.

ఎనిమిది రోజుల కిందట, ఆపరేషనుకు ముందు, తీగను స్వెటర్ అల్లే సూదికి చుట్టలుగా చుట్టి డాక్టర్ వీరరాఘవులు ముందు పెట్టాడు.

"నలభై పేపర్లు చదివాను అంద్రెయా, ఎందులోనూ స్వెటర్ సూది లేదు."

"భూరీ గుండె ఆ పేపర్లు సదవలేదు గదండి. రోజుకి లచ్చసార్లు కొట్టుకుంటది. ఆఫీసు ఫోను తీగ సూడండి, అందరూ పీకుతానే ఉన్నారు. చుట్టలుండబట్టి తెగలా."

డాక్టరుకు ముందు కోపం, తర్వాత నవ్వు వచ్చాయి. "ఠీక్ హై, నీ మాటే కానీ."

పక్కటెముకల మధ్య కోసి, సూది నుంచి జార్చిన చుట్టల తీగను గుండెకు కుట్టి, కొసను చర్మం కిందుగా పళ్లకందని మెడ వెనక్కి తీశారు. డాక్టరు తీగ బిగించబోతే, "వదులుగా ఉంచండి సార్!" అని అరిచాడు అంద్రెయ. బల్ల దగ్గర అతను నోరెత్తడం అదే మొదలు.

ఇవాళ మధ్యాహ్నం డాక్టరు తీగ కొసను యంత్రానికి తగిలించాడు. కాగితం మీద సిరాగీత లేచి పడింది. మళ్లీ లేచింది. గజమంత కాగితం నడిచినా గీత ఆగలేదు. భార్య మార్త ఉంటే ఈ కాగితం ఇంటికి తీసుకెళ్లి చూపించేవాడు. నర్సుపని చేసిన మనిషి, చూడగానే అర్థమయ్యేది. స్వెటర్ సగంలో ఉండగానే నిరుడు పోయింది.

"రేపు ఇంకో కుక్క ఉంది. ఎట్లా చుట్టాలో చూపించండి, అంద్రెయగారూ," అన్నాడు డాక్టరు.

అంద్రెయ చూపించాడు. సగం తను చుట్టి, మిగతా సగం డాక్టరును చుట్టమన్నాడు. ఇంతలో వీడ్కోలు దండ వేస్తామని ఎవరో పిలిచారు. ఇంటికి తీసుకెళ్దామనుకున్న సూదిని వెనక్కి అడగలేదు. భూరీ వీపు ఒకసారి నిమిరి, సాయంత్రం సంచీ భుజాన వేసుకుని బస్టాపు వైపు నడిచాడు.

ట్రేలో మార్త సూది ఉంది, దానికి సగందాకా తీగ చుట్టి ఉంది.