కంపెనీ భోజనాలు

చల్లపల్లి పక్కనున్న ఆ రొయ్యల మేత ఫ్యాక్టరీలో కంపెనీ భోజనాలు ఏడాదికి ఒక్కసారే ఉండేవి. ఈ ఏడాది ఇది మూడోసారి. షేర్లున్నవాళ్ళు వస్తారు, ఓనరు తిరుపతిరావు చెప్పింది వింటారు, చేతులెత్తుతారు, విస్తరి ముందు కూర్చుంటారు. మీటింగు అనే మాట ఊళ్ళో ఎవరూ వాడరు.

"నెలనెలా పెట్టారంటే మా ఇంట్లో గ్యాసు బండ మిగులుద్దండీ," అని షామియానా కింద ఎవరో అంటే అందరూ నవ్వారు. తిరుపతిరావూ నవ్వాడు, నవ్వకపోతే అనుమానిస్తారని.

షేర్లు మార్కెట్లోకి వచ్చినప్పుడు వీళ్ళు కాగితాలు చదివి కొనలేదు. తిరుపతిరావు మనవాడని కొన్నారు. తరువాత రొయ్య ధర పడిపోయి, మేత అరువు తీసుకున్న రైతులు కట్టలేకపోయారు. బ్యాంకు ముఖం చాటేసింది. అప్పుడు ముంబై నుంచి ఒక ఫండు వాళ్ళు వచ్చారు. విడతలుగా అప్పిస్తారట. తిరిగి డబ్బు అడగరట, దానికి బదులు, తీసుకునే నాటి మార్కెట్ ధరకు కాస్త తగ్గించి షేర్లు తీసుకుంటారట.

తిరుపతిరావుకది కొత్తగా అనిపించలేదు. చిన్నప్పుడు నాన్న కోతలకు ముందే మిల్లు షావుకారు దగ్గర డబ్బు తెచ్చి, నూర్పిళ్ళయ్యాక అప్పటి ధరకు బస్తాలు కొలిచేవాడు. ధర పడితే నాలుగు బస్తాలు ఎక్కువ కొలవాలి, అంతేగా అనుకున్నాడు. కంపెనీ సెక్రటరీ శాలిని మరోసారి ఆలోచించమన్నా వినకుండా విజయవాడ హోటల్లో కూర్చుని సంతకం పెట్టాడు.

షావుకారు బస్తాలు గోదాములో దాచుకునేవాడు. ఈ ఫండు వాళ్ళు షేర్లు చేతికి రాగానే అమ్మేస్తారు. అమ్మితే ధర పడుతుంది. ధర పడితే తరువాతి విడతకు ఇంకా ఎక్కువ షేర్లివ్వాలి. ఫీజులంటూ ముందే కోసుకునేది వేరే. ఇవ్వడానికి షేర్లు అయిపోయిన ప్రతిసారీ షామియానా వేసి, ఇంకొన్ని పుట్టించడానికి ఊళ్ళో షేర్లున్నవాళ్ళ అనుమతి అడగాలి. చేలో పండే బస్తాలకైనా ఒక హద్దుండేది.

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పేద్దామనుకున్నాడు. ఓటు అయ్యేదాకా విస్తళ్ళు వెయ్యొద్దని వంటవాళ్ళకు చెప్పాడు. తిన్నాక కాదనడం ఈ ఊళ్ళో ఎవరికీ చేతకాదు. వీళ్ళు కాదంటే ఫ్యాక్టరీ పోతుంది, కానీ వీళ్ళ వాటాలు ఇలా కరగడం ఆగుతుంది. ఆ మాట తనంతట తాను అనలేక, వాళ్ళ నోట వినాలని ఆశపడ్డాడు.

చెప్పడం అయ్యాక, రిటైరైన ఆర్టీసీ కండక్టరు యేసుబాబు లేచాడు. తన పీఎఫ్ డబ్బు చాలావరకు ఇందులోనే పెట్టాడాయన.

"అనుమతి ఇస్తే ఏమవుద్దండీ, ఇవ్వకపోతే ఏమవుద్ది?"

"ఇస్తే మీ వాటా ఇంకా పల్చబడుద్ది. ఇవ్వకపోతే, షేర్లు రాలేదని ఫండు వాళ్ళు ఫ్యాక్టరీ అమ్మించి బాకీ తీసుకుంటారు. ఇప్పుడైతే ఆపైన మీకూ ఎంతో కొంత మిగులుద్ది."

"మరి మా పిల్లల ఉద్యోగాలో?"

తిరుపతిరావు ఫ్యాక్టరీ వైపు చూశాడు. లోపల మిషన్లు ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఈ కుర్చీల్లో ఉన్నవాళ్ళ కొడుకులూ కోడళ్ళే అక్కడ షిఫ్టులో ఉన్నారు.

"పోనీ, మీరేం చెయ్యమంటారో చెప్పండి," అని యేసుబాబు కూర్చున్నాడు.

ముందు వరసలో ఉన్న తిరుపతిరావు పిన్ని సంపూర్ణమ్మ కొంగుతో విసురుకుంటూ అంది: "మాకివన్నీ ఏం తెలుస్తాయిరా? నువ్వెత్తితే మేమూ ఎత్తుతాం. ఎండెక్కుతోంది, కానియ్."

అందరూ ఆయన చేతివైపే చూస్తున్నారు. తిరుపతిరావు మిషన్ల చప్పుడు కాసేపు విన్నాడు. తరువాత చెయ్యెత్తాడు. షామియానా నిండా చేతులు లేచాయి. శాలిని తల వంచుకుని రాసుకుంది.

వడ్డనలప్పుడు ఆయన వరసల మధ్య తిరుగుతూ ఎప్పటిలాగే కొసరి కొసరి వేయించాడు. సంపూర్ణమ్మ గోంగూర కలుపుకుంటూ తలెత్తింది.

"మళ్ళీ ఎప్పుడు పిలుస్తావురా?"

"ఎంతో కాలం పట్టదు పిన్నీ."

ఆవిడ ముఖం విప్పారింది. అయితే వచ్చేసారి పూర్ణం బూరెలు కూడా చేయించమంది. చేయిస్తానన్నాడు.