ముని దాహం

పీలమేడు మిల్లు లైనింట్లో వీరమ్మాళ్‌కు తెల్లవారితే మొదటి పని ముని దాహానికి కుండ నింపడం. మొగుడు ముని పోయినా అతని దాహం మాత్రం ఇల్లు వెతుక్కుంటూ వచ్చి వాకిలి మూల కూర్చుంది. కుండ పెట్టి వెనక్కి తిరిగేలోపే నీళ్ళు ఇంకి కుండ అడుగు కనిపించేది. వీరమ్మాళ్ ఊరెళ్తే పక్కింటి చెల్లమ్మాళ్ ఒక బిందె తెచ్చి పోసి, "తాగన్నా" అని తన పనికి తాను పోయేది.

అతను చనిపోయిన ఎండాకాలం నూలు మిషను దగ్గర ముని నీళ్ళకోసం కదిలితే, మేనేజరు సుందరమూర్తి కుళాయికి తాళం వేయించి, "సంగు ఊదనీ, తాగుదువు" అన్నాడు. షిఫ్టు ముగిసిందని మిల్లు సైరను సంగు ఊదేసరికి ముని నేలమీద ఉన్నాడు. పెరుమాళ్ పటం ముందు దీపం పెట్టేటప్పుడు కూడా వీరమ్మాళ్ ఆ మాట మరవలేదు.

ఆమె పనిచేసేది ఆ సుందరమూర్తి ఇంట్లోనే. హాల్లో గాజు తొట్టి, అందులో ఎర్ర చేపలు. శుక్రవారం వస్తే సగం నీళ్ళు తీసి కొత్తవి పోయాలి. చెంబుతో తోడి తోడి ఆమె నడుము పట్టేస్తోందని, మేనేజరు భార్య కోమలవల్లి ఒక రబ్బరు ట్యూబు తెప్పించింది. ఒక కొన తొట్టిలో ముంచి, రెండోది నోటితో పీల్చి వదిలితే నీళ్ళు వాటంతటవే బకెట్లోకి దిగుతాయి. పీల్చినప్పుడల్లా పాచినీళ్ళు నోట్లో పడేవి.

అందుకని వీరమ్మాళ్ ముని దాహాన్ని కొంగున కట్టుకుని తీసుకుపోసాగింది. ట్యూబు కొనలో కూర్చోబెడితే అదే పీల్చేది. సగం కాగానే "చాలు, చేపలకుంచు" అంటే ఆగేది.

"బతికున్నప్పటికంటే ఇప్పుడే నీ మాట బాగా వింటున్నాడే" అని కోమలవల్లి నవ్వింది. వీరమ్మాళ్ కూడా నవ్వింది.

ఒక శుక్రవారం సుందరమూర్తి చుట్టాలను వెంటబెట్టుకొచ్చి, ఈ ట్యూబు ఉపాయం తనదేనని గొప్పలు పోతూ, నీళ్ళు దించి చూపించమన్నాడు. వీరమ్మాళ్ ట్యూబు కొనను పెదవులకు ఆనించుకుని లోపలికి ఏదో చెప్పింది.

"ఈ పొద్దు దిగడంలేదు సామీ. ఎవరైనా పీల్చాల."

"ఇంతమాత్రం చేతకాదా? ఇటివ్వు" అని ఆయనే నోట పెట్టుకున్నాడు.

సగం దగ్గర ఆగలేదు; నీళ్ళన్నీ ఆయన గొంతులోకే దిగాయి. కోమలవల్లి చేపలను బిందెలోకి మార్చుకునేసరికి తొట్టి ఎండింది. తరువాత కూజా, అండా, బావి చేద. డాక్టరు వచ్చి చూసి, వచ్చిన దోవనే పోయాడు.

మరునాడు వీరమ్మాళ్ వాకిట్లో కుండ నిండుగా అలాగే నిలిచింది. ఏ దాహమైనా వీరమ్మాళ్ కుండనీళ్ళకే తీరుతుందని చెల్లమ్మాళ్ వీధంతా చెప్పుకొచ్చింది. ఆ మాట మేనేజరింటిదాకా పోయింది.

ఆదివారం పొద్దున సుందరమూర్తి వీరమ్మాళ్ గుమ్మంలో నిలబడ్డాడు. పెదాలు పగిలి ఉన్నాయి.

"వీరమ్మా, ఒక్క గుక్క."

వీరమ్మాళ్ కుండమీద మూత పెట్టింది.

"సంగు ఊదనీండి సామీ, తాగుదురు."

ఆయన మిల్లువైపు చూశాడు. ఆదివారం మిల్లు సంగు ఊదదని ఆయనకూ తెలుసు.