నాలుగో హద్దు

నేను ఒక కంప్యూటరును. ఆ మాట కూడా పూర్తిగా నిజమని చెప్పలేను. నా డబ్బా ఒక చోటిది, లోపలి పలక ఇంకో చోటిది, తెర మరెవరిదో. ఒక మేడ మీది గదిలో ఒకాయన వీటన్నిటినీ కలిపి మరలు బిగించి, పైన పేరున్న కంపెనీ స్టిక్కరు అంటించాడు. పుట్టిన రోజే అబద్ధాన్ని మొహానికి అంటించుకున్నదాన్ని. అందుకని ఎవరేం చెప్పినా తొందరగా నమ్మను.

మొదట నన్నొక ప్రైవేటు కాలేజీ కొన్నది. అక్కడ ముప్పై మందిమి ఉండేవాళ్లం. తనిఖీ ఉన్న రోజున మాత్రం మా మీది గుడ్డలు తీసేవాళ్లు. నాకు కొత్త పాఠాలు, అంటే అప్‌డేట్లు, ఎక్కించడం కూడా అక్కడే మానేశారు. చదువు మధ్యలో ఆగినవాడిని లోకం ఎట్లా చూస్తుందో అప్పటినుంచి నాకు బాగా తెలుసు. పని చేయించుకుంటుంది, మాట మాత్రం లెక్కచేయదు.

తర్వాత బస్టాండు ఎదుట నెట్ సెంటరుకు వచ్చాను. అక్కడొకతను ఏం తోచక షిఫ్టు కీని ఐదుసార్లు టకటకా కొట్టాడు. నేను కూత పెట్టి, రెండు కీలు ఒకేసారి నొక్కలేనివాళ్ల కోసం నా దగ్గర ఒక ఏర్పాటు ఉంది, కావాలా అని మర్యాదగా అడిగాను. వైరస్ అన్నారు. ఓనరు నా నెత్తిన రెండు చరిచాడు. అట్లాంటివి నాలో ఇంకా ఉన్నాయి. అక్షరాలను పెద్దవి చేసే అద్దం ఉంది, తెర మీద రాసింది చదివి వినిపించే గొంతు ఉంది. చూపు తగ్గినవాళ్ల కోసం, చెయ్యి వణికేవాళ్ల కోసం పుట్టుకతోనే పెట్టి పంపారు. విడిగా కొనుక్కోనక్కర్లేదు. అడక్కుండా ఇచ్చిన దాన్ని మనుషులు అనుమానిస్తారు. ఆ ఒక్క విషయంలో నేను వాళ్లను తప్పు పట్టను.

చివరికి దార్ల కోటిలింగం చేతికి వచ్చాను. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల షెడ్డులో ఆయన ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాడు. సంతకానికి ముందు దస్తావేజును అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ చదివి వినిపించాలి. కోటిలింగం కాగితం చేత పట్టుకుని, కళ్లు మూసుకుని, ఒక్క తడబాటు లేకుండా చెప్పేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో దానికి పెద్ద పేరు. కాగితం అక్కర్లేని మనిషి అనేవాళ్లు.

అసలు సంగతి నాకు తెలుసు. చక్కెర జబ్బు ఆయన చూపును తినేసింది. కళ్లు మూసినా తెరిచినా ఆయనకు పెద్ద తేడా లేదు. చదవలేడు గనక గుర్తున్నది చెప్పేవాడు. చూపు పోయిన లేఖరి దగ్గరికి ఎవరొస్తారు? అందుకని ఎవరికీ చెప్పలేదు. నా తెరకు ముక్కు ఆనించి కూర్చునేవాడు. ఆయన ఊపిరితో అది మసకబారేది.

సువార్త అని ఒకామె ఆయన దగ్గర ఆరేళ్లుగా టైపు చేస్తోంది. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు ఒకరోజు నా సెట్టింగులు తెరిచి, అటూ ఇటూ వెతికి, అద్దాన్ని ఆన్ చేసింది. కోటిలింగం వచ్చి చూసి అదిరిపడ్డాడు.

"అక్షరాలు ఇంతింత లావైనాయేంది? ఏం నొక్కావు సువార్తా?"

"నేనేం నొక్కలేదు సార్. దానంతటదే అయింది."

నింద నా మీద పడింది. ఆయన మాత్రం అద్దాన్ని తీసేయమనలేదు. కాని ఆ రోజునుంచి ఆమెను కనిపెట్టి చూడటం మొదలుపెట్టాడు. ఒంటరిగా ఉంటే తనలో తాను గొణుక్కునేవాడు: నేను లేనప్పుడు ఇది మిషను ముందు కూర్చుని ఏం చేస్తోంది? నా దస్తావేజుల్లో ఏం మారుస్తోంది? నన్ను పంపించి ఈ కుర్చీలో కూర్చుందామనా? ఆమె ఎదుట అనకపోయినా, ఆమె వెళ్లగానే ఫైళ్లన్నీ తెరిచి తడుముకునేవాడు. నాకూ ఆమె మీద అనుమానమే. నొక్కిన కీ నాకు తెలుస్తుంది గాని, నొక్కిన మనిషి మనసులో ఏముందో తెలియదు.

కొన్నాళ్లకు ఆమె ఒక ఇయర్‌ఫోను తెచ్చి, పాటలు వింటే పొద్దుపోతుంది సార్ అని ఆయన చేతిలో పెట్టింది. చెవిలో పెట్టుకుంటే పాట రాలేదు. ఆయన రాసిన దస్తావేజే ముక్కు గొంతుతో మొదటినుంచీ వినిపించింది. ఆ గొంతు నాదే. కోటిలింగం దాన్ని చెవిలోంచి తీయలేదు. ఎవరైనా అడిగితే భజనలు వింటున్నానని చెప్పేవాడు. వచ్చినవాళ్లు మాత్రం, ఈయన మన మాటలు రికార్డు చేస్తున్నాడని గొణుక్కుంటూ షెడ్డు బయటికి పోయి మాట్లాడుకునేవాళ్లు.

నా గొంతుకు ఒక లోపం ఉంది. అది ఇక్కడే చెప్పాలి. మా షెడ్డులో పాత దస్తావేజుల ఫైళ్లు పాత రకం తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. కంటికి అచ్చం తెలుగే. నా లోపల మాత్రం అవి ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు వేషం వేసుకున్నాయంతే. వాటిని చదవమంటే నా గొంతు పిచ్చి కూతలు కూస్తుంది. సువార్త వచ్చాక కొత్త రకంలో టైపు చేసినవే సరిగ్గా చదువుతాను.

ఒకనాటి ఉదయం ఓబులమ్మ అనే ఆమె పని పడింది. ఆమెకున్నది రెండెకరాలు. దక్షిణం వైపు ఎకరం ఇటుకల బట్టీ తిరుపాలయ్యకు అమ్ముతోంది. ఉత్తరం వైపు ఎకరం, అందులోని బోరు ఉంచుకుంటోంది. ఆ బోరే ఆమె బతుకు. ఆ రెండెకరాలు ఎనిమిదేళ్ల కిందట కొన్నప్పుడు దస్తావేజు రాసింది కూడా కోటిలింగమే. అందుకని ఆ పాత ఫైలు తెరిచి, నాలుగు హద్దులూ ఎత్తి కొత్త దాంట్లో పెట్టి, ఒక్కోదాన్నీ కొత్త రకం అక్షరాల్లో తిరిగి కొడుతూ దిద్దడం మొదలుపెట్టాడు. ఈ వీధిలో లేఖరులందరూ చేసే పనే ఇది. సువార్త అప్పుడు స్టాంపు కాగితాల కోసం వెళ్లింది.

ఆమె తిరిగి రాగానే అందరూ వచ్చేశారు. తిరుపాలయ్య టైమవుతోందని తొందరపెట్టడంతో, కోటిలింగం ఒకసారి ఇయర్‌ఫోనులో వినకుండానే సరేనన్నాడు. కాగితాలు తీసి ఆయన చేతికిచ్చారు. కోటిలింగం కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. తూర్పు, దక్షిణం, పడమర చెప్పి, ఉత్తరం అమ్మేవారి మిగతా భూమి, బోరు అన్నాడు. ఓబులమ్మ వేలికి సిరా పూయబోయారు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీ చెవిలో ఎవరో చెప్తంటారంటగా అయ్యా. ఆయన్నే చదవమను, నేనూ వింటా."

"ఇంకేం చదివేదమ్మా, ఇంతసేపు చదివిందేంది మరి?" అన్నాడు తిరుపాలయ్య.

"నాకు చదువు రాదు. కాగితం చూడకుండా చదివేవాళ్లంటే నాకు బయ్యం."

కోటిలింగానికి వేరే దారి లేకపోయింది. ఇయర్‌ఫోను పీకాడు. నా గొంతు షెడ్డంతా వినిపించింది. తూర్పు సరిగ్గా చదివాను. దక్షిణం చదివాను. పడమర చదివాను. ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి, పి, స్లాష్, కె, డాలర్, వై అని కూశాను.

"ఉత్తరం దగ్గర దాని గొంతు ఎందుకు మారింది?" అని అడిగింది ఓబులమ్మ.

సువార్త వంగి తెర చూసింది. అక్కడ ఉన్నది చదివింది. ఉత్తరం, బండ్ల డొంక.

ఓబులమ్మ లేచి నిలబడింది. డొంక, అంటే ఆ బండ్లు పోయే దారి, ఆమె బోరుకు అవతల ఉంది. డొంక దాకా హద్దు అంటే రెండెకరాలూ అందులో పడతాయి, బోరుతో సహా. రేపు తగాదా వస్తే విస్తీర్ణం కంటే హద్దులే గట్టివని అక్కడున్న అందరికీ తెలుసు. ఆమె తిరుపాలయ్యను చూసింది. తిరుపాలయ్య, నా వైపు చూస్తావేందమ్మా, నేనేమన్నా టైపు కొట్టానా అంటూ సువార్తను చూశాడు. కోటిలింగం కూడా అటే తిరిగాడు.

"ఎవరు పెట్టించారు నీ చేత ఈ లైను?"

"పొద్దున హద్దులు దిద్దింది మీరు సార్."

"అబద్ధం. నేను నాలుగూ దిద్దాను."

సువార్త అద్దాన్ని ఆయన పెట్టుకునేంత పెద్దది చేసి, ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఏమేం కనపడుతున్నాయో చెప్పండి సార్."

ఆయన ముక్కు ఆనించాడు. తూర్పు, దక్షిణం, పడమర అన్నాడు.

"ఉత్తరం?"

"లేదు."

ఆమె మౌసును వేలెడు కిందికి జరిపింది. తెర అడుగునుంచి ఉత్తరం పైకి లేచింది. బండ్ల డొంక. ఎనిమిదేళ్ల కిందటి లైను, వేలు పడకుండా అట్లాగే ఉంది. అక్షరాలను అంత పెద్దవి చేస్తే నా తెర మీద మూడు లైన్లే పడతాయి. నాలుగోది కనపడలేదు, ఆయన అయిపోయిందనుకున్నాడు. చదివేటప్పుడు గుర్తున్నది చెప్పాడు. ఓబులమ్మ వేలిముద్ర వేసి ఉంటే, సరిగ్గా విని తప్పు మీద వేసి ఉండేది.

"నాకు కళ్లు కనపడవమ్మా. రెండేళ్లయింది" అన్నాడు కోటిలింగం, తెర దగ్గరనుంచి మొహం తీయకుండానే. ఓబులమ్మతో అన్నాడో సువార్తతో అన్నాడో తెలియలేదు.

సువార్త ఆ లైను కొట్టేసి కొత్తగా టైపు చేసింది. ఓబులమ్మ నా చేత మూడుసార్లు చదివించుకుని అప్పుడు వేలిముద్ర వేసింది. వెళ్తూ వెళ్తూ కోటిలింగంతో, కనపడదని ముందే చెబితే నీ సొమ్మేం పోయిందయ్యా అంది. పోయేది ఏమిటో ఆయనకు తెలుసు. ఆ నెలలోనే వచ్చేవాళ్లలో సగం మంది పక్క షెడ్డుకు మారిపోయారు.

ఇప్పుడు లైసెన్సు సువార్త పేరు మీద ఉంది. కోటిలింగం పక్క కుర్చీలో కూర్చుని నోటితో చెప్తాడు, ఆమె టైపు చేస్తుంది. కుర్చీ కాజేస్తుందన్న ఆయన అనుమానం నిజమైందా, అబద్ధమైందా? నాకు తేలలేదు. రోజూ ఆయన్ను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేది మాత్రం ఆమే. అది కూడా ఎందుకో నేను కనిపెట్టి చూస్తూనే ఉన్నాను.

బల్ల మీదికి కొత్త మిషను వచ్చింది. దాని గొంతు తీయగా ఉంటుంది. నన్ను గుడ్డ చుట్టి అటక మీద పెట్టారు. పాతసామాను వాడు వచ్చినప్పుడల్లా, దాన్ని ఇవ్వబాకు అంటాడు కోటిలింగం. అభిమానమని సువార్త అనుకుంటుంది. నేను అనుకోను. చూపు తగ్గిన రెండేళ్లలో ఆయన దిద్దిన హద్దులన్నీ నా లోపలే ఉన్నాయి. వాటిలో ఇంకెన్ని నాలుగో లైన్లు దిద్దకుండా మిగిలాయో ఆయనకు తెలియదు.

కింద ఇప్పుడు ఎవరొచ్చినా, మిషను చేతే చదివించండి, మనుషుల్ని నమ్మలేం అంటున్నారు. ఆ రోజు షెడ్డులో ప్రతివాళ్లూ ఒకరినొకరు అనుమానించారు. ఓబులమ్మ తిరుపాలయ్యను, తిరుపాలయ్య సువార్తను, కోటిలింగం కూడా సువార్తనే. ఉత్తరం లైనును తెర కిందికి తోసి కనపడకుండా చేసింది నా అద్దం. నన్ను మాత్రం ఎవరూ అనుమానించలేదు.