మూడో అరలో చోటు

నేను ఒక చెక్క స్టాండుని. మూడు అరలు, నాలుగు కాళ్ళు, ప్లైవుడ్ వీపు. నన్ను చూసి పుస్తకాలు పెట్టుకునేదనో, దేవుడి పటాలు పెట్టుకునేదనో అనుకునేవాళ్ళే ఎక్కువ. పుస్తకాలు మోసే భాగ్యం నాకు కలగలేదు, దేవుళ్ళు నా జోలికి రాలేదు. నేను మోసింది మనుషుల జీతాలు. అదీ ఇంకా రాని సంవత్సరాల జీతాలు. నవ్వకండి, మోసినదానికి తెలుస్తుంది బరువు.

నేను పుట్టింది భీమవరంలో, వీరాచారి అనే వడ్రంగి షెడ్డులో. ఏదో కల్యాణమండపం తలుపులకి తెచ్చిన టేకులో మిగిలిన ముక్కలు నావి. నన్ను చేయించింది కమలాకర్ అనే ఆయన. డెల్టా టైగర్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టుకి మేనేజరు. టైగర్స్ అంటే పులులు అనుకునేరు. జట్టు యజమాని రామభద్రరాజుగారు రొయ్యల చెరువుల మీద సంపాదించినవారు, ఆయన ఉద్దేశంలో అది టైగర్ రొయ్య. బొమ్మ గీసినవాడికి ఆ సంగతి చెప్పలేదు కాబట్టి జెర్సీ మీద పులే పడింది.

ఈ జట్టు ఆడే లీగులో ఒక నియమం ఉంది. ఏ జట్టూ ఏడాదికి ఎనిమిది కోట్లకి మించి జీతాలు ఇవ్వకూడదు. ఉన్నవాడు లేనివాణ్ణి మింగెయ్యకుండా పెట్టారట. ఈ లెక్కని కమలాకర్ కంప్యూటర్లో ఎన్నిసార్లు చూపించినా రాజుగారు గడియారం వైపు చూసేవారు. చెరువు గట్టు మీద నిలబడి, నీటి రంగు చూసి రొయ్య ఆరోగ్యం చెప్పగల మనిషి. కంటికి కనపడనిది ఆయనకి ఎక్కదు. అందుకని కమలాకర్ నన్ను చేయించాడు. పై అర ఈ ఏడాది, మధ్య అర వచ్చే ఏడాది, కింది అర ఆ పై ఏడాది. ఒక్కో అర నాలుగడుగులు, కోటికి ఆరంగుళాలు. ఆటగాడి జీతం ఎంతో అంత పొడుగు చెక్క, దాని మీద అతని పేరు. మూడేళ్ళ ఒప్పందం ఉన్నవాడికి మూడు అరల్లోనూ చెక్కలుంటాయి. అర నిండిందా, ఆ ఏడాదికి ఇంకెవరికీ చోటు లేదు. ఏటా వేసవిలో కింది చెక్కలు ఒక్కో మెట్టు పైకి వస్తాయి, అట్టడుగు అర కొత్త ఏడాదికి ఖాళీ అవుతుంది.

వీరాచారి ఇదంతా విని, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, అయితే మనుషుల్ని కొలతకి కొయ్యమంటున్నారన్నమాట అన్నాడు. నేను పుట్టాక విన్న మొదటి తెలివైన మాట అదే.

నన్ను చెయ్యడంలో ఒక పొరపాటు జరిగింది. అది వీరాచారిది కాదు, కమలాకర్‌ది. పై అర సరిగ్గా రాజుగారి కళ్ళ ఎత్తున వచ్చింది. కింది అర మోకాళ్ళ దగ్గర. అది చూడాలంటే వంగాలి. రాజుగారికి పొట్ట ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి, పైగా వంగడం ఆయన వంశంలో ఎవరికీ అలవాటు లేదు.

నన్ను ఆఫీసులో పెట్టిన ఏడాదే ఏలియా వచ్చాడు. నర్సాపురం దగ్గర సముద్రపు ఒడ్డు ఊరివాడు. రైల్వేలో ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం చేస్తూ వాళ్ళ జట్టుకి ఆడేవాడు. లీగులోకి రావాలంటే ఆ ఉద్యోగం వదులుకోవాలి. ఇరవయ్యేడేళ్ళ వయసులో వదులుకున్నాడు. కొత్తవాళ్ళకి లీగు నిర్ణయించిన జీతం చాలా తక్కువ, అదీ రెండేళ్ళకి. అతని చెక్క అంగుళం. వీరాచారి దాని మీద పేరు రాయడానికి తంటాలు పడ్డాడు.

కమలాకర్ అతన్ని నా ముందుకి తీసుకొచ్చి, వంగి, కింది అరలో ఖాళీ చూపించాడు.

"రెండేళ్ళు ఈ అంగుళంతో సర్దుకో ఏలియా. మూడో ఏడు ఈ చోటు నీది. ఆరంగుళాలు నీకోసం అట్టే పెడతాను" అన్నాడు.

ఆ మాట అబద్ధం కాదు. అన్న రోజున కమలాకర్‌ది మంచి మనసే. ఏలియా ఆరడుగుల పైన ఉంటాడు, అయినా గొంతుక్కూర్చుని ఆ ఖాళీని తేరిపార చూశాడు. ఆటగాడి బతుకులో ఒక్క మంచి ఒప్పందం వస్తే గొప్ప, అదీ ముప్పయ్యేళ్ళ లోపు. ఆ తరవాత మోకాళ్ళు ఒప్పందాలు చదవవు. ప్రాక్టీసు అయ్యాక ఆఫీసులోకి మంచినీళ్ళకని వచ్చేవాడు. నీళ్ళు బయట కూడా ఉన్నాయి. కింది అర వైపు ఒకసారి చూసి వెళ్ళేవాడు. ఆ చోటంటే నాకూ ప్రేమ పుట్టింది. మోయకుండానే ఒకరి కోసం ఉండడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది నాకు.

సంక్రాంతి వెళ్ళేసరికి జట్టు వరసగా ఓడుతోంది. రాజుగారు ఆఫీసుకి వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. కింద చాలా చోటుందట కదా అన్నారు. అది వచ్చే ఏళ్ళది, ఉండనివ్వాలి అన్నాడు కమలాకర్.

"ఖాళీ చెరువు చూస్తే నాకు నిద్ర పట్టదండీ కమలాకర్ గారూ. ఏలియా చోటు ఏలియాకి ఉంచండి. మిగతాది ఎండబెట్టడం దేనికండీ?"

పంటకీ పంటకీ మధ్య చెరువు ఎండగట్టకపోతే రోగం తగులుతుందని ఆ జిల్లాలో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆ తెలివి గట్టు దిగి నా దాకా రాలేదు.

లీగులో ఆటగాణ్ణి డబ్బిచ్చి కొనుక్కోకూడదు, మార్చుకోవాలి. ఇచ్చేవాళ్ళ జీతాలూ పుచ్చుకునేవాళ్ళ జీతాలూ ఆ ఏడాదికి సరితూగాలి. ఆ ఏడాదికే సుమా. వచ్చే ఏడాది సంగతి నియమం అడగదు. అక్కడే ఉంది తిరకాసంతా. ఆ వేసవితో ఒప్పందం తీరిపోయే ఇద్దర్ని ఇచ్చి, లూధియానా వాడు హర్కీరత్‌ని తెచ్చారు. పై అరలో తొమ్మిదేసి అంగుళాల చెక్కలు రెండు పోయి, అడుగున్నర చెక్క ఒకటి వచ్చింది. సరికి సరి. రాజుగారు చూసి తృప్తిపడ్డారు. పోయినవాళ్ళకి కింది రెండు అరల్లో చెక్కలే లేవు. వచ్చినవాడికి రెండింట్లోనూ ఉన్నాయి. ఏమీ మారలేదనుకున్న మార్పిడిలో నా కడుపులోంచి మూడడుగులు పోయాయి. అది చూడడానికి ఎవరూ వంగలేదు.

జట్టు సెమీఫైనల్ దాకా వెళ్ళి ఓడింది.

ఆ వేసవిలో తమిళనాడు జట్టొకటి ఏలియాని అడిగింది. మార్పిడికి ఒప్పుకుంటే అతనికి మూడేళ్ళ మంచి ఒప్పందం ఇస్తామంది. ఏలియా వెళ్ళడానికి సిద్ధపడ్డాడు కూడా. రాజుగారు అతన్ని ఇంటికి పిలిచి, రొయ్యల వేపుడు, కొరమీను పులుసు కొసరి కొసరి వడ్డించి, నా మాట ఉంది కదా అబ్బాయ్, ఎక్కడికీ వెళ్ళకు అన్నారు. ఆ ఇంట్లో భోజనం చేసి కాదన్నవాడు ఇంతవరకూ లేడు. ఏలియా ఉండిపోయాడు. చెక్కలు ఒక మెట్టు పైకి వచ్చాయి. అతని చోటు మధ్య అరకి చేరింది. ఇరుకైంది గాని, ఉంది.

రెండో ఏడు హర్కీరత్ మోకాలు తిరగబడింది. అతన్ని వదిలించుకోవాలి. ఒక జట్టు పుచ్చుకుంటానంది, ఊరికే కాదు. ఏటా లీగులోకి వచ్చే కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి; రాబోయే రెండేళ్ళూ మావాళ్ళ వంతు తమకి ఇచ్చెయ్యాలంది. ఆ కుర్రాళ్ళు అప్పటికి ఏ కాలేజీలో ఉన్నారో కూడా ఎవరికీ తెలీదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మావాళ్ళు ఆ సోమలింగాన్ని కూడా ముందే దత్తత ఇచ్చేశారు. బదులుగా వచ్చినవాడు మంగళూరు శెట్టి, దూరం నుంచి బంతి వేస్తే గురి తప్పదు. పై అరలో అతని చెక్కా అడుగున్నరే. కాని అతని జీతం ఏటా పెరుగుతుంది. మధ్య అరలో దానికంటే జానెడు పొడుగు, కింది అరలో ఇంకో జానెడు.

ఆ రోజు కమలాకర్ మధ్య అరలో ఆ చెక్క పెట్టి, తీసి, పక్కవి జరిపి, మళ్ళీ పెట్టాడు. పొందికగా సర్దితే చెక్క పొడుగు తగ్గుతుందన్నట్టు. చివరికి రెండంగుళాల సందు మిగిలింది. వద్దని రాజుగారితో ఒక్క మాట అనగల మనిషి ఆయనొక్కడే. అనలేదు. తెలిసీ అనని వాడిమీద నాకు కోపం రావాలి, జాలే వచ్చింది. తన ఉద్యోగం కూడా ఏదో ఒక అరలో చెక్కే కదా.

శెట్టికీ కోచ్‌కీ పడలేదు. పండగ సెలవులకి వెళ్ళినవాడు తిరిగి రానన్నాడు. తగవు తీరక, జీతమంతా ఇస్తామని రాసిచ్చి పంపేశారు. మనిషి వెళ్ళినా లీగు లెక్కలో జీతం వెళ్ళదు. గుర్తుగా కమలాకర్ అతని చెక్కలకి నల్లరంగు వేయించాడు. శెట్టి మంగళూరులో హోటలు చూసుకుంటున్నాడని విన్నాం, అతని చెక్కలు నా మీద పడుకునే ఉన్నాయి. అతని బదులు ఒక చిన్న ఆటగాణ్ణి తేవాల్సి వచ్చింది. ఆ కుర్రాడు రెండేళ్ళ ఒప్పందం అడిగాడు. మధ్య అరలో మిగిలిన సందు కాస్తా పూడింది. అక్కడ వేలు పెట్టడానికి కూడా చోటు లేకుండా పోయింది.

ఆ ఏడు జట్టుని ఈడ్చుకొచ్చింది ఏలియానే. అంగుళం చెక్కవాడు.

సీజను అయిపోయాక అతను ఆఫీసుకి వచ్చాడు. కమలాకర్ ముందు టీ తెప్పించాడు, తరవాత ఎండల గురించి మాట్లాడాడు. ఏలియా ఆ మాటలు వినడం లేదు, నన్నే చూస్తున్నాడు. చెక్కలన్నీ చదివాక అడిగాడు.

"ఆడనోడి చెక్కకి చోటుంది గదా సార్. ఆడేవోడికి లేదా?"

కమలాకర్ నియమం వివరించడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు. ఏలియా టీ తాగకుండా వెళ్ళాడు.

సంగతి విని రాజుగారు నిజంగా బాధపడ్డారు. మాటిచ్చిన మనిషి ఆయన. వెంటనే వీరాచారిని పిలిపించి, అర పొడిగించమన్నారు. వీరాచారి టేపు తీసి కొలిచి, ఆరంగుళాలు కాదు, ఆరడుగులైనా అతుకేస్తానండి, చెక్కదేముంది అన్నాడు. హద్దు చెక్కది కాదు, లీగుది అని కమలాకర్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఎవర్నైనా వేరే జట్టుకి ఇచ్చేద్దామన్నారు రాజుగారు. తీసుకునేవాడికి తాయిలంగా ఇవ్వడానికి కుర్రాళ్ళ వంతులు కూడా మిగల్లేదు.

"డబ్బు నాది, జట్టు నాది, ఇచ్చే మనసూ నాకుంది. ఇంక అడ్డెవరండీ?" అన్నారు రాజుగారు.

"మనమేనండీ రాజుగారూ. మనం చేసిన మార్పిళ్ళే" అన్నాడు కమలాకర్.

ఆ రోజు రాజుగారు మొదటిసారి నా ముందు వంగారు. కింది అర దాకా చూశారు. లేవడానికి వీరాచారి చెయ్యి అందించాల్సి వచ్చింది.

అప్పటికి మిగతా జట్ల అరలూ నిండిపోయాయి. తమిళనాడు వాళ్ళు ఇంకొకణ్ణి తెచ్చుకున్నారు. రైల్వే ఉద్యోగం వదిలింది వదిలిందే. రాజుగారు ఏలియాకి తన రొయ్యల మేత గోడౌనులో సూపర్‌వైజరు పని ఇచ్చారు. ఈ ఏడు అక్కడ ఉండు, వచ్చే ఏడు చోటు రాగానే పిలుస్తాను అన్నారు. లీగు ఆ ఆశ కూడా దక్కనివ్వలేదు. జట్టు ఆటగాడికి దొడ్డిదారిన జీతం ఇస్తున్నారని ఎవరో లీగుకి చేరవేశారు. గోడౌను పని కావాలంటే ఇక ఈ జట్టుకి ఎప్పుడూ ఆడనని రాసివ్వాలి, ఆడాలనుకుంటే ఆ పని మానుకోవాలి అని లీగు తేల్చింది. ఏలియా భార్య కడుపుతో ఉంది. నా పక్క బల్ల మీదే కాగితం పెట్టారు. సంతకం పెట్టడానికి పెన్ను లేకపోతే కమలాకర్ తన జేబులోంచి ఇచ్చాడు. రాజుగారు ఆ పూట ఆఫీసుకి రాలేదు.

తరవాతి రెండేళ్ళూ జట్టు అడుగునే ఉంది. రాజుగారికి ఆట మీద మనసు విరిగింది. జట్టుని హైదరాబాదు వాళ్ళెవరికో అమ్మేశారు. వాళ్ళకి కంప్యూటరు చాలు. నన్ను లారీలో వేసి మేత గోడౌనుకి పంపారు. పేర్లున్న చెక్కలు దారిలోనే టీకొట్టు పొయ్యిలోకి పోయాయి. ఇప్పుడు నా మీద చెరువు మందుల డబ్బాలున్నాయి. కంపు కొడతాయి గాని, ఎవరి భవిష్యత్తూ కాదు కాబట్టి తేలిగ్గానే ఉన్నాయి.

ఏలియా రోజూ నా ముందు నుంచే తిరుగుతాడు. సూపర్‌వైజరు అన్న మాటే గాని, లారీ వస్తే అతనూ బస్తా ఎత్తాల్సిందే. నడుముకి బెల్టు కట్టుకుంటున్నాడు. ఎడమ మోకాలు మెట్లెక్కనివ్వడం లేదు. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలీదు. పట్టలేదనే అనుకుంటాను. పట్టకపోతేనే మంచిది.

మొన్నామధ్య కమలాకర్ వచ్చాడు. కొత్త యజమానులు అతన్ని ఉంచుకున్నారు. శెట్టి జీతం లెక్కలోంచి పోయిందట, పాత ఒప్పందాలన్నీ తీరాయట, లీగు మొత్తంలో ఇంత ఖాళీ ఉన్న జట్టు ఇంకోటి లేదట. సంతోషంగా చెబుతున్నాడు. యజమానులు మారారు కాబట్టి ఆ పాత కాగితం రద్దు చెయ్యమని లీగుని అడగొచ్చట. ఆరంగుళాలు కాదు, తొమ్మిదంగుళాలు ఇప్పిస్తానన్నాడు.

ఏలియా భుజం మీది బస్తా దించలేదు.

"చోటుంది సార్," అన్నాడు. "నేనే లేను."

కమలాకర్ ఇంకేదో అనబోయాడు. బయట లారీవాడు హారన్ కొట్టాడు. ఏలియా కుంటుకుంటూ వెళ్ళి బస్తా లారీలో వేసి, ఇంకోదాని కోసం తిరిగి వచ్చాడు. కమలాకర్ చేతిరుమాలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ నెల తిరక్కుండానే ఇద్దర్ని ఇచ్చి పంజాబు వైపు నుంచి ఒకణ్ణి తెచ్చారని, అతనికి మూడేళ్ళ ఒప్పందం ఉందని ఇక్కడ హమాలీలు చెప్పుకున్నారు. ఏలియా మాత్రం నా కింది అరలోంచి మందు డబ్బా తీసుకుని చెరువులకి వెళ్ళే వ్యానులో పెట్టాడు.